వేలెడు అంచు

మంగళవారం మధ్యాహ్నం పాత కాగితాల మూట వస్తుంది. ఏర్పేడు వైపు నుంచీ తిరుపతి వైపు నుంచీ తూకానికి కొన్న పుస్తకాలు, పత్రికలు, పరీక్ష పేపర్లు ఒక గోనెసంచిలో కుక్కి ఉంటాయి. మా ఆయన నియాజ్ దాన్ని వరండాలో దించి "సూసి చెయ్యి" అంటాడు. పంతొమ్మిదేళ్ళుగా ప్రతి మంగళవారం అదే మాట. నేను చూడకుండా ఎప్పుడు చేశానో అడగాలని ప్రతిసారీ అనుకుంటాను. అనుకునేలోపు ఆయన మధ్య తలుపు దాటి అంగడిలోకి వెళ్ళిపోయి ఉంటాడు.

మూట విప్పగానే మా అత్తగారు ఉమ్మే సల్మా వచ్చి చాప మీద కూర్చుంటుంది. ఆమెను నేను అమ్మీ అని పిలుస్తాను. ఏరడం ఆమె పని. ఉర్దూ, అరబ్బీ అక్షరాలున్న కాగితం కనిపిస్తే కళ్ళకద్దుకుని గూట్లో ఉన్న బట్టసంచిలో దాస్తుంది. దేవుళ్ళ బొమ్మలున్నవి విడిగా కట్ట కడుతుంది. మా గిరాకీలో సగం మంది కాణిపాకం పోయి వచ్చేవాళ్ళే. వినాయకుడి బొమ్మలో కరక్కాయ పొడి కట్టి ఇస్తే వాళ్ళ మనసు కష్టపెట్టినట్టే కదా. మిగిలిన కాగితాలన్నీ నావి. వాటిని కత్తిపీట మీద కొలతకు కోసి నేను పొట్లాలు మడుస్తాను.

మాది నాటుమందుల అంగడి. పాకాల స్టేషన్ రోడ్డులో ఖలందర్ అంగడి అంటే ఎవరైనా చూపిస్తారు. ఖలందర్ మా మామగారు. ఆయన పోయి ఎనిమిదేళ్ళయింది. శొంఠి, పిప్పళ్ళు, వస, త్రిఫల చూర్ణం, ఏది అడిగినా మేము కాగితం పొట్లంలోనే ఇస్తాం. దానికి ఊళ్ళో 'ఖలందర్ పొట్లం' అని పేరు కూడా ఉంది. చొక్కా జేబులో వేసుకుని బస్సులో నిలబడి చిత్తూరు దాకా పోయినా చిటికెడు పొడి రాలదు. అందులో పెద్ద రహస్యమేమీ లేదు. మూడు వైపులా మడత బిగించి, నాలుగో వైపు వేలెడు అంచు వదలాలి. అంగడిలో నియాజ్ మందు పోసి ఆ అంచును లోపలికి దోపుతాడు. దోపడం ఆయన వంతు, మిగతాదంతా నా వంతు. రోజుకు మూడు వందల పొట్లాలు, శనివారానికైతే ఇంకా ఎక్కువ.

పోయిన ఏడాది ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకునే అమ్మాయి ఒకతె వచ్చింది. "మీరేం పని చేస్తారు మేడమ్?" అని నన్నే అడిగింది. నా ఒళ్ళో సగం మడిచిన పొట్లం ఉంది. నేను నోరు తెరిచేలోపు నియాజ్ లోపలి నుంచి "ఇంట్లోనే ఉంటాదిమా" అన్నాడు. ఆ అమ్మాయి ఏదో టిక్కు పెట్టుకుని, దాహంగా ఉందని నీళ్ళడిగింది. నేను పొట్లం పక్కన పెట్టి లేచి నీళ్ళిచ్చాను. కోపం వచ్చిందా అంటే, రాలేదు. మరేమొచ్చిందో తెలీదు. ఆయన అబద్ధమేమీ చెప్పలేదు, నేను ఇంట్లోనే కదా ఉన్నాను అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నాకదో పాడు అలవాటు. ఎవరేమన్నా ముందు వాళ్ళ తరఫున నేనే వాదిస్తాను, నేనే ఓడిపోతాను, తర్వాత లేచి వెళ్ళి ఉల్లిపాయలు తరుగుతాను.

సరే, అసలు సంగతికి వస్తాను. వానలు మొదలైన నెలలో ఒక మంగళవారం, మూటలో అట్ట లేని పుస్తకం ఒకటి వచ్చింది. నేను చూసుకోకుండానే సగం దాకా కోసేశాను. చూసి చెయ్యమని నియాజ్ చెప్పినందుకు ఆ ఒక్కరోజు నిజంగానే చూడలేదు. కోసినవి మడిచేశాను, అవి అంగడికి కూడా వెళ్ళిపోయాయి. మర్నాడు మిగిలిన సగం చేతిలోకి తీసుకుంటే ఏవో బొమ్మలు. చుక్కల గీతలు, బాణాలు, ఒక మూలను పట్టుకుని ఇంకో మూలకు లాగుతున్నట్టు వంపు గీతలు. జాకెట్టు కటింగ్ పుస్తకం అనుకున్నాను. ఇన్నాళ్ళకు ఒక పనికొచ్చే వస్తువు దొరికిందని సంబరపడి పేజీలు తిప్పాను. మెడ ఉంది. చెయ్యి ఎక్కడా లేదు. ఇంకో పేజీ తిప్పితే తోక ఉంది. తోక ఉన్న జాకెట్టేమిటో నాకు అర్థం కాలేదు. చివరి బొమ్మ చూశాక తెలిసింది, అది కొంగ. ఒక్క కాగితంతో చేసిన కొంగ. కత్తెర గుర్తు లేదు, జిగురు గుర్తు లేదు, మడతలే. ఇంగ్లీషులో రెండు మూడు మాటలున్నాయి కానీ నాకు ముఖ్యం బొమ్మలు.

ఎందుకు మొదలుపెట్టానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. మా షగుఫ్తా తిరుపతిలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది కాబట్టి ఇంట్లో పని తగ్గిందా అంటే, ఎక్కడా తగ్గలేదు. బహుశా నాకు పంతం వచ్చి ఉంటుంది. కాగితం మడవడంలో ఈ పాకాలలో నన్ను మించినవాళ్ళు ఎవరున్నారు, ఇది నాకు రాకపోవడమేమిటి అనిపించింది. పొట్లానికి కోసిన కాగితం ఒకటి తీసుకుని పుస్తకం ముందు కూర్చున్నాను. మొదటి అడుగులన్నీ నేను కోసేసిన పేజీల్లోనే పోయాయి. అవి ఎవరింట్లోనో త్రిఫల చూర్ణం చుట్టూ ఉండి ఉంటాయి. ఉన్న బొమ్మల్లో మొట్టమొదటిది అప్పటికే సగం మడిచిన వస్తువు. అది దేనిలోంచి వచ్చిందో నేను ఊహించుకోవాలి. మూడు రోజులు ఊహించాను. ఎటు మడిచినా ఒక వైపు కాగితం మిగిలిపోతుంది. నాలుగోరోజు అన్నం వారుస్తుంటే తట్టింది. నా కాగితం పొడుగు, వాళ్ళ కాగితం చదరం. పంతొమ్మిదేళ్ళలో నేను ఒక్క చదరపు కాగితం కూడా కొయ్యలేదని అప్పుడు తెలిసింది.

చదరం కోశాను. అయినా రాలేదు. చుక్కల గీత అంటే లోపలికి మడవాలా, బయటికా? బాణం ఇటు తిరిగి మళ్ళీ వెనక్కి వస్తే దాని భావమేమిటి? మడిచి విప్పమంటుంది, విప్పాక మళ్ళీ అదే చోట మడవమంటుంది. విప్పేదానికి మడవడమెందుకు? నా చేతులకు విప్పడం అలవాటు లేదు. పొట్లం ఒకసారి మడిచామంటే కథ అయిపోయినట్టే, దాన్ని విప్పేది జబ్బు చేసినవాళ్ళు. కాగితాన్ని మడిచి, విప్పి, ఆ గీతలను చూస్తూ కూర్చుంటే తల తిరిగేది. తప్పు ఎక్కడ జరిగిందో తెలిస్తే కదా దిద్దుకోవడానికి. ఒక్కోరోజు నాకే నవ్వొచ్చేది. నలభై ఒక్క ఏళ్ళ ఆడదాన్ని, మధ్యాహ్నం గిన్నెలు తోమకుండా కాగితంతో కుస్తీ పడుతున్నాను.

పదిహేను రోజులకు ఒక ఆకారం వచ్చింది. కొంగ అనడానికి నోరు రాదు. కడుపు లావు, మెడ పొట్టి, తల నిలబడదు. గుడ్ల మీద కూర్చున్న కోడిపెట్టలా ఉంది.

"ఏందది?" అంది అమ్మీ.

"కొంగ అమ్మీ."

"దాని కడుపులో ఏముండాది?"

"ఏమీ లేదు."

"ఖాళీ పొట్లానికి ఇన్ని అగచాట్లా?" అని మళ్ళీ కాగితాలు ఏరుకోవడంలో పడిపోయింది.

నియాజ్ అన్నానికి వచ్చినప్పుడు అది కిటికీ దగ్గరే ఉంది. తిన్నాక చెయ్యి కడుక్కుని వస్తూ దాన్ని తీసి వేళ్ళు తుడుచుకుని, ఉండ చేసి మూలకు విసిరాడు. ఆయన తప్పేముంది, మా ఇంట్లో కాగితం అంటే తుడుచుకునేదీ చుట్టేదీ తప్ప ఇంకేముందని నేను ఎప్పటిలాగే ఆయన తరఫున వాదించడం మొదలుపెట్టాను. వాదన పూర్తి కాకముందే ఏడుపు వచ్చింది. ఎందుకొచ్చిందో అర్థం కాక ఇంకా ఏడ్చాను. కోడిపెట్ట కోసం ఎవరైనా ఏడుస్తారా? పొయ్యి దగ్గర పొగ అని చెప్పడానికి కూడా లేదు, మాది గ్యాసు.

నిస్సీ వచ్చింది ఆ తర్వాతి శుక్రవారం. నిస్సీ మా వీధి చివర ఉన్న చిన్న బడిలో టీచరు. చంటిబిడ్డ ఉంది. నమాజు వేళ అంగడి మూసి ఉంటుందని తెలీక, వస కొమ్ము కోసం సందులోంచి చుట్టు తిరిగి ఇంటి తలుపు కొట్టింది. నేను వస తెచ్చేలోపు కిటికీలో ఉన్న కోడిపెట్టలను చూసింది. అప్పటికి అవి ఆరయ్యాయి.

"అక్కా, ఒరిగామి చేస్తారా మీరు?"

దానికి ఒక పేరుందని అప్పుడే విన్నాను. "పేరు తెలీదుమా. చేస్తా ఉండా, కానీ రాలేదు" అన్నాను.

ఆమె ఫోన్లో ఒక వీడియో పెట్టింది. గోళ్ళకు గులాబిరంగు వేసుకున్న రెండు చేతులు, మొహం లేదు, మాట లేదు. నా పదిహేను రోజుల పని ఆ చేతులు మూడు నిమిషాల్లో చేసేశాయి. చూసి మడవబోతే, ఆ చేతులు కుడికి తిప్పుతుంటే నేను ఎడమకు తిప్పుతున్నాను. నిస్సీ నవ్వి వీడియో ఆపి, నా చేతుల వైపు వంగి చూసింది.

"అక్కా, ఉండండి. ఇంకోసారి మడవండి. ఆ మొదటిది."

మూల మీద మూల పెట్టి మడిచాను. బొటనవేలి గోటితో గీశాను. గీత కత్తిలా పడింది.

"మడత బలే పడ్తా ఉండాది, నాకు రాదు అట్ల. కానీ అంచు అంచుకు కలవలేదు చూడండి. వేలంత యాల వదిలేస్తా ఉండారు?"

నేను చూశాను. మళ్ళీ చదరం తీసుకుని మడిచాను. మళ్ళీ వేలెడు వదిలాను. వదలకూడదని కళ్ళకు తెలుసు, చేతులకు తెలియదు. ప్రతి మడతకూ వేలెడు, వేలెడు. అది పోగై పోగై చివరికి మెడ రావాల్సిన చోట లావుపాటి ముద్ద వస్తోంది. పుస్తకంలో తప్పు లేదు, కోసేసిన పేజీల్లోనూ లేదు. నేను బాగా నేర్చుకున్న పని ఏదో అదే నాకు అడ్డం పడుతోంది. ఇది తెలిసి నాకు సంతోషించాలో దిగులుపడాలో తెలియలేదు. నిస్సీ వస కొమ్ము తీసుకుని, "వస్తా అక్కా, మొదటి మడత ఒక్కటే పది దినాలు చెయ్యండి" అని వెళ్ళిపోయింది.

పది రోజులు అదే చేశాను. మూల మీద మూల, అంచు మీద అంచు. గోరు పెట్టే ముందు ఆగాలి, వెలుగుకు ఎత్తి చూడాలి, రెండు అంచులూ ఒకటిగా కనిపించాకే గీయాలి. ఆగడం కష్టమైంది. పొట్లాల దగ్గర నా చేతులు ఎప్పుడూ ఆగవు, నా తల ఎక్కడో తిరుగుతుంటుంది. సాయంత్రానికి కూరేమిటి, షగుఫ్తాకు ఏం పంపాలి, అమ్మీ వేళ్ళకు నూనె రాయాలి అని. ఈ చదరం దగ్గర మాత్రం తల చేతుల దగ్గరికి వచ్చి కూర్చోవాల్సిందే. తలా చేతులూ ఒకేచోట ఉంటే ఇలా ఉంటుందా అనిపించింది. అది బాగుందో, భయంగా ఉందో తేల్చుకోలేకపోయాను.

పదకొండో రోజు మధ్యాహ్నం కొంగ వచ్చింది. రెక్క ఎత్తే మడత ఉంటుంది, కింది మూల పట్టి పైకి లాగితే రెండు పక్కలూ వాటంతట అవే లోపలికి వచ్చి పడుకోవాలి. అన్ని రోజులూ నేను బలవంతంగా తోసేదాన్ని. ఆరోజు అవే వచ్చాయి. మెడ సన్నగా లేచింది. తల వంచాను, నిలబడింది. రెక్కలు లాగితే వీపు కొంచెం ఉబ్బింది. ఒక్కదాన్నే "అల్లా" అన్నాను గట్టిగా. అమ్మీ తలెత్తి చెయ్యి చాపింది. నా కొంగను అరచేతిలో పెట్టుకుని తిప్పింది. వాతానికి వంకర్లు పోయిన బొటనవేలితో దాని అంచుల వెంట తడిమింది.

"అంచు యాడ వదిలినావు?"

"వదల్లేదమ్మీ. దీనికి వదలకూడదు."

ఆమె చాలాసేపు దాన్ని పట్టుకునే ఉంది. మెచ్చుకుందో నొచ్చుకుందో తెలియలేదు. అమ్మీ మొహం చూసి ఏదైనా తెలుసుకోవడం నాకు ఇన్నేళ్ళలో చేతకాలేదు. ఆమె నా మడతను మెచ్చుకున్న రోజు నాకు గుర్తు లేదు. పెళ్ళయిన మొదటి వారంలో చెక్క స్కేలుతో వేళ్ళ మీద కొట్టి నేర్పింది. "సరిగ్గా వదులు, సరిగ్గా వదులు" అన్న మాటే గుర్తుంది.

కొంగ తర్వాత కప్ప వచ్చింది, పడవ వచ్చింది, డబ్బా వచ్చింది. నిస్సీ ఒకటి రెండు సార్లు వచ్చి వీడియోలు చూపించింది. నేను బాగుపడుతున్నాను అనుకున్నాను. పొట్లాలు చెడిపోతున్నాయని మాత్రం చూసుకోలేదు.

కాణిపాకంలో గుడి దగ్గర చిన్న అంగడి పెట్టుకున్న మునిరత్నం అనే ఆయన మా దగ్గర త్రిఫల పొట్లాలు వందేసి పట్టుకుపోతాడు. ఒక గురువారం ఆయన గొంతు గోడ అవతల నుంచి వినిపించింది. మా ఇంటికీ అంగడికీ మధ్య ఒకే గోడ.

"ఏమప్పా నియాజూ, ఇదా మీ పొట్లం? సంచి తెరిస్తే పొడంతా సంచిలోనే ఉండాది. పొట్లాలు చూస్తే ఖాళీ. మీ నాయన ఉన్నప్పుడు ఒక్కసారన్నా ఇట్ల జరిగిందా?"

లేచి, ఆరోజు మడిచిన గుట్టలోంచి ఒకటి తీసి చూశాను. అంచు లేదు. ఇంకోటి తీశాను. అంచుకు అంచు ముద్దుగా కలిసి ఉంది. గుట్ట గుట్టంతా అలాగే ఉంది. చేతులు కొత్త విద్య పట్టుకుని పాతది వదిలేశాయి. నియాజ్ అది చూసుకోకుండా దొరికినంత కాగితం లోపలికి కుక్కి ఇచ్చేసినట్టున్నాడు. ఆయన కూడా చూడలేదు. ఈ సంగతి నాకు రెండు రోజుల తర్వాత గాని తట్టలేదు. ఆ నిమిషంలో మాత్రం తప్పంతా నాదే అనిపించింది.

మునిరత్నం వెళ్ళాక నియాజ్ వచ్చాడు. మా ఇంట్లో మాటలు సగం ఉర్దూ, సగం తెలుగు. కోపం వస్తే మాత్రం ఆయనకు తెలుగే వస్తుంది.

"బుద్ధి యాడ పెట్టుకున్నావు? అబ్బా పేరు మీద నడుస్తా ఉండాది ఆ అంగడి. నలుగురి ముందర నా తల దించేసినావు. నీకు నేనేం తక్కువ చేసినా? కూర్చుని చేసే పనే కదా, అదీ చేతకాదా?"

"తప్పయింది" అన్నాను.

"ఆ బొమ్మల పుస్తకం ఎత్తుకో. కోసి మడువు. ఇప్పుడే."

కోశాను. నా చేత్తోనే కత్తిపీట మీద పెట్టి, మెడ ఉన్న పేజీ, తోక ఉన్న పేజీ, అన్నీ కోశాను. ఒక్కొక్కటీ పొట్లంగా మడిచాను, వేలెడు అంచు వదిలి. నియాజ్ నిలబడి నాలుగైదు చూసి, "అట్ల" అని వెళ్ళిపోయాడు. అమ్మీ కాగితాలు ఏరడం ఆపి నన్నే చూస్తోంది. కొంచెం సేపటికి ఒక చదరం కాగితం నా వైపు తోసింది. ఎందుకు తోసిందో అర్థం కాలేదు. చేతులు ఊరుకోక మడవడం మొదలుపెట్టాను. పుస్తకం లేదు, ఫోను లేదు. కళ్ళ నిండా నీళ్ళుండి కాగితం కూడా సరిగ్గా కనబడలేదు. కొంగ వచ్చింది. ఇంకోటి మడిచాను, అదీ వచ్చింది. ఆ పుస్తకం నాకు ఎప్పటి నుంచి అక్కర్లేకుండా పోయిందో నేను గమనించనే లేదు.

ఆ తర్వాత రెండు వారాలు పొద్దున పొట్లాలు, మధ్యాహ్నం చదరాలు మడిచాను. మొదట్లో కలిసిపోయేవి. పొట్లం మడుస్తుంటే చేతులు అంచుకు అంచు కలపబోయేవి, కొంగ మడుస్తుంటే వదలబోయేవి. ఏది ఏ చేతి పనో గందరగోళంగా ఉండేది. క్రమంగా పొడుగు కాగితం పట్టుకుంటే ఒకటి, చదరం పట్టుకుంటే ఇంకోటి అని చేతులే వేరుచేసుకున్నాయి. మునిరత్నం మళ్ళీ వచ్చి పట్టుకుపోయాడు. ఏ ఫిర్యాదూ లేదు. నియాజ్ ఆ సంగతి నాతో అనలేదు. బాగా ఉన్నప్పుడు అనడానికేముంటుంది?

ఆ తర్వాత ఒక బుధవారం నిస్సీ వచ్చి చెప్పింది. వాళ్ళ బడిలో శనివారం పొద్దున రెండు గంటలు పిల్లలకు చేతిపనుల తరగతి. నేర్పే టీచరు మానేసింది. "మా పెద్ద మేడంకు మీ కప్పను చూపించినా అక్కా. ఈ శనివారం ఒకసారి రమ్మన్నారు. పిల్లలకు నేర్పించేది చూస్తామన్నారు. బాగుంటే ప్రతి శనివారం రావచ్చు, జీతం కూడా ఇస్తారు. ఈ వారం రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటారు అక్కా, అదే నా బయం."

"నేను టీచరు కాదు కదా నిస్సీ. ఇంటర్ కూడా పూర్తి చెయ్యలా."

"పిల్లలకు అర్థం కాకపోతే యాడ అర్థం కాలేదో మీకు తెలుస్తాది. నాకు తెలీదు" అంది.

రెండు రోజులు నాలో నేనే కొట్టుకున్నాను. పోవాలని ఉంది. ఇంత గట్టిగా ఏదైనా కావాలనిపించి ఎన్నాళ్ళయిందో. కావాలనిపించడమే తప్పేమో అనిపించింది. శనివారం అంగడిలో గిరాకీ ఎక్కువ, నిజమే. రెండు గంటలు పోతే ఇల్లు మునుగుతుందా? మునగదు. మరి అడగడానికి నోరెందుకు రావడం లేదు? అడగడమెందుకు, చెప్పడం చాలదా? చెప్పడానికీ అడగడానికీ మధ్య గీత ఎక్కడుందో ఈ ఇంట్లో నాకెవరూ చూపించలేదు.

శుక్రవారం నమాజు నుంచి వచ్చి నియాజ్ అన్నానికి కూర్చున్నాడు. అమ్మీ చాప మీద కాగితాలు ఏరుతోంది. పప్పు వడ్డిస్తూ చెప్పాను.

ఆయన ముందు నవ్వాడు. "బడికా? నువ్వా? ఏం నేర్పిస్తావు, కప్పలు చేసేదా?"

"అవును. కప్పలు, కొంగలు."

"దేనికి పనికొస్తాది అది?"

"తెలీదు" అన్నాను. నిజంగానే తెలీదు.

"శనివారం పొట్లాలు ఎవురు మడుస్తారు?"

"కొన్ని ఈ పూటే మడిచి పెడతా."

"చాలవు. నీకు తెలుసు చాలవని." ఆయన గొంతు మెత్తబడింది. ఆయన గొంతు మెత్తబడితేనే నాకు ఎక్కువ భయం, ఎదురు చెప్పడానికేమీ మిగలదు. "ఇట్ల చూడు అంబ్రీన్. నేను నిన్ను ఏమీ వద్దనలేదు. ఇంట్లో ఆడుకో, ఎవురు కాదన్నారు? కానీ ఆ పొట్లం అబ్బాది. అబ్బా చేతిలో పుట్టిన మడత అది. ఊరంతా ఆయన పేరుతోనే పిలుస్తాది. నీ చేతికి వచ్చింది, నీ అదృష్టం. దాన్ని కాపాడు, చాలు."

నేను అలవాటు ప్రకారం ఆయన తరఫున వాదించబోయాను. పెద్దాయన విద్య, పెద్దాయన పేరు, పోగొట్టుకుంటే ఎలా, అని. వాదనకు మామగారిని గుర్తుతెచ్చుకున్నాను. ఈ ఇంటికి వచ్చాక పదకొండేళ్ళు ఆయన్ని చూశాను. అంగడిలో కుర్చీలో కూర్చుని ఉండేవాడు, మంచివాడు, వచ్చినవాళ్ళందరి నాడీ పట్టేవాడు. ఆయన కాగితం మడుస్తుండగా చూసిన రోజు మాత్రం నాకు గుర్తుకు రాలేదు. వెతికాను. ఒక్కటి కూడా గుర్తుకు రాలేదు. నా వేళ్ళ మీద చెక్క స్కేలు దెబ్బలు గుర్తొచ్చాయి. అది ఎవరి చెయ్యి? పంతొమ్మిదేళ్ళుగా నేను కూడా దాన్ని ఖలందర్ పొట్లం అనే అన్నాను. మూటలు మూటలుగా మడిచి కూడా అదే అన్నాను. నా తలలో ఏదో మడత విప్పుకుంటోంది, ఎటు విప్పుకుంటోందో నాకే తెలియడం లేదు.

"మీ అబ్బాకు మడవను రాదు" అంది అమ్మీ.

కాగితాల మీద నుంచి తలెత్తకుండానే అంది. నియాజ్ చెయ్యి ముద్ద మీదే ఆగింది.

"ఏందమ్మీ?"

"మీ అబ్బాకు పొట్లం మడవను రాదురా. బతికినన్నాళ్ళూ ఒక్కటంటే ఒక్కటి మడవలా. దోపేది వచ్చు ఆయనకు, నీ మాదిరే."

"మరి ఊరంతా..."

"ఊరికేం తెలుసు. అంగడి పలక మీద ఆయన పేరుండె."

"ఇన్నేళ్ళు నువ్వెప్పుడూ చెప్పలేదే!"

"నన్నెవురడిగినారు?" అంది అమ్మీ. చేతిలో కాగితం కింద పెట్టింది. వంకర్లు పోయిన వేళ్ళను ఒళ్ళో ఒకదాని మీద ఒకటి పెట్టుకుంది. "ఇప్పుడు కూడా ఎవురూ అడగలా. నేనే చెప్తా ఉండా."

నియాజ్ వాళ్ళమ్మ వేళ్ళ వైపు చూశాడు. ఆయన వాటిని అంతకుముందు ఎప్పుడైనా చూశాడో లేదో నాకు తెలీదు. తర్వాత నా వైపు తిరిగాడు. కోపం లేదు ఆ మొహంలో. మొదటిరోజు చుక్కల గీతలు చూసినప్పుడు నా మొహం కూడా అలాగే ఉండి ఉంటుంది. నాకు జాలి వేసింది. జాలి వేస్తే నేను ఎప్పుడూ ఒప్పేసుకుంటాను. ఈసారి జాలీ ఉంది, ఒప్పుకోవాలని లేదు. ఆ రెండూ ఒకేసారి ఉండవచ్చని నాకు అంతవరకూ తెలియదు.

"రేపు మరి?" అన్నాడు.

"రేపు నేను బడికి పోతా."

"పొట్లాలో?"

నోరు తెరిచేదాకా ఏం చెప్పబోతున్నానో నాకే తెలియలేదు.

"మీరు మడవండి. మొదట్లో ఏమీ అర్థం కాదు. నాకూ కాలేదు."

అమ్మీ చాప మీద కొంచెం పక్కకు జరిగి, కొడుకు కూర్చోవడానికి చోటు చేసింది.